ముప్పావు తేడా

కంటి ఆసుపత్రిలో ఆమెను అందరూ ఉంగరాలక్క అంటారు. అలాగని వేళ్ళకు ఉంగరాలేమీ లేవు. ఉన్న ఒక్కటీ చేతులు కడుక్కునేటప్పుడు సబ్బుకు జారిపోతోందని ఎప్పుడో బీరువాలో పడేసింది. ఆమె ఉంగరాలు పైఅంతస్తు చివరి గదిలో, తెరలు దించిన మసక వెలుతురులో ఉంటాయి. అక్కడ కెరటోమీటర్ అనే పాత యంత్రం ఒకటుంది. దాని గొట్టంలోంచి చూస్తే ఎదుట కూర్చున్న మనిషి కంటి మీద మూడు వెలుగు ఉంగరాలు తేలుతూ కనిపిస్తాయి. మరలు తిప్పి, వాటి అంచుల మీదున్న గుర్తులను ఒకదాని మీద ఒకటి కూర్చోబెడితే ఒక అంకె వస్తుంది. కంటికి ముందు గాజుపలకలా ఉండే కార్నియా ఎంత వంపు తిరిగిందో చెప్పే అంకె అది. శుక్లం తీసిన చోట ఎంత పవరున్న లెన్సు పెట్టాలో దాన్ని బట్టే తేలుస్తారు.

గొట్టానికి కన్ను ఆనించగానే గది మాయమైపోతుంది. బయట వరండాలో పేర్లు పిలిచే గొంతు ఏదో పక్క ఊళ్ళోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. కన్నీటి తడి మీద ఉంగరాలు సన్నగా వణుకుతాయి, రెప్ప పడితే ఆరిపోతాయి, రెప్ప లేస్తే మళ్ళీ పుడతాయి. ఇరవై ఆరేళ్ళుగా ఇదే లోకం. బస్సులో కునుకు పట్టినా అవే ఉంగరాలు వచ్చి కళ్ళ ముందు నిలబడతాయి. మనుషుల ముఖాలు ఆమెకు గుర్తుండవు. రోడ్డు మీద ఎవరైనా పలకరిస్తే తెల్లముఖం వేస్తుంది. కంట్లోకి చూడనిస్తే మాత్రం టక్కున చెప్పేయగలదు.

అలాంటి గదిలోకి ఒకేసారి ఇద్దరు కొత్తగా కాపురానికి వచ్చారు. మనుషులు కారు, యంత్రాలే. ఒకటి గడ్డం ఆనించీ ఆనించకముందే టిక్కుమని అంకె వేసిన చీటీ చేతిలో పెడుతుంది. రెండోది కంటికి రంగుల పటం గీస్తుంది, వంపు ఎక్కువున్న చోట ఎరుపు, తక్కువున్న చోట నీలం. పాతదాన్ని సామాన్ల గదిలో పడేయమని పైవాళ్ళు అంటే డాక్టరమ్మ అడ్డుపడింది.

"నలభై మంది కళ్ళు మూడింటితోనూ కొలుద్దాం అక్కా. ఏది ఎంత తేడా చూపిస్తోందో తెలిశాక ఆలోచిద్దాం."

ముప్పై తొమ్మిది మంది పూర్తయ్యారు. కొత్తవి రెండూ ప్రతిసారీ ఒకే మాట మీద ఉన్నాయి. పాతది ప్రతిసారీ వాటికంటే ముప్పావు అంకె ఎక్కువ చూపించింది.

"రెండూ ఒక్క కంపెనీ పిల్లలే కదండీ, ఇంట్లోనే మాట్లాడుకుని వచ్చుంటాయి" అంది ఉంగరాలక్క. డాక్టరమ్మ నవ్వింది గానీ అంకెలు రాసిన కాగితం పక్కన పెట్టలేదు.

నలభయ్యో మనిషి ఉంగరాలక్క అత్తగారు. దర్జీ కొట్టుకి కాజాలు కుట్టి ఇల్లు నిలబెట్టిన మనిషి. ఆవిడ కుట్టిన కాజాలో గుండీ దూరితే మళ్ళీ దానంతట అది ఊడిన పాపాన పోలేదు. రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరి నాలుగేళ్ళుగా సూది పట్టలేదు. పొద్దస్తమానం గుమ్మంలో కూర్చుని, వచ్చేపోయేవాళ్ళను అడుగుల చప్పుడును బట్టి పోల్చుకుంటూ ఉంటుంది. రేపు పొద్దున కుడికంటికి ఆపరేషన్. దగ్గర చూపు బాగుండేలా లెన్సు పెట్టమని ఆవిడ డాక్టరమ్మతో ముందే ఒప్పందం చేసుకుంది.

కొత్తవి రెండూ నలభై మూడున్నర అన్నాయి. పాతది నలభై నాలుగుంపావు అంది.

"మీ ఇంటి మనిషి. ఏది రాయమంటే అది రాస్తాను. సాయంత్రంలోపు చెప్పండి" అంది డాక్టరమ్మ.

"ఇందులో అడగడానికేముందమ్మా, మా కోడలు చెప్పిందే వెయ్యండి. ఆ పెట్టెలకేం తెలుసు నా కన్ను" అని అత్తగారు ఘంటాపథంగా చెప్పి, గోడ పట్టుకుని వరండాలోకి వెళ్ళి కూర్చుంది.

ఆ మాట విని ఉంగరాలక్క కొత్తవాటి అంకెలను తన అంకె పక్కన పెట్టి మళ్ళీ చూసింది. ముప్పై తొమ్మిది మంది దగ్గర తన అంకే సరైందని పట్టుదలగా ఉంది, అది నిజం. ఈ ఒక్క కన్ను దగ్గర పట్టుదలకి పోవడానికి ధైర్యం చాల్లేదు. ఆ అంకె తప్పయితే ఆవిడకి మళ్ళీ సూది చిక్కదు.

భోజనాల వేళ గది ఖాళీ అయ్యాక తలుపు వేసుకుని అరలోంచి మఖమల్ డబ్బా తీసింది. అందులో ఉక్కు గోళీ ఒకటుంది. దాని వంపు ఎంతో డబ్బా మీదే రాసి ఉంటుంది. యంత్రం సరిగ్గా ఉందో లేదో దానితోనే చూస్తారు. మరమ్మతు చేసే ఆయన ఏడాదికోసారి వచ్చి దాన్ని వాడతాడు, ఆమె ఏనాడూ ముట్టుకోలేదు. నా చెయ్యి మీద నాకే అనుమానమా అనే పొగరు. అవును, పొగరే.

గోళీని నిలబెట్టి కన్ను ఆనించింది. గోళీకి కన్నీళ్ళుండవు, రెప్ప ఉండదు. ఉంగరాలు కదలకుండా ఎంతసేపయినా అలాగే ఉన్నాయి, నిద్రపోతున్న ఇంట్లో వెలుగుతున్న దీపాల్లాగా. వాటిని చూస్తూ ఆమె కాసేపు ఎందుకొచ్చిందో మర్చిపోయింది. తర్వాత మరలు తిప్పింది. ముప్పావు ఎక్కువ.

యంత్రం పాడైందనుకుంది. పాపం ముసలిదైపోయింది అని దాని మెడ నిమిరింది. అలా నిమురుతుంటే కన్ను ఆనించే చోట ఉన్న తిరిగే పట్టీ వేళ్ళకి తగిలింది. దాని మీద ఎర్రటి గోళ్ళరంగు చుక్క. ఆమె పెట్టిందే.

చూసేవాళ్ళ కంటికి తగ్గట్టు ఆ పట్టీ తిప్పుకోవాలి. లోపల కనిపించే నల్లటి అడ్డగీత సూటిగా, స్పష్టంగా కనిపించే దాకా తిప్పాకే కొలత మొదలుపెట్టాలి. చదువుకున్నప్పుడు నేర్పిన మొదటి పాఠం అదే. మొదట్లో రోజూ తిప్పేది. ఈ యంత్రం దగ్గర తను తప్ప ఇంకెవరూ కూర్చోరు కదా అని ఒకనాడు తన కంటికి కుదిరిన చోట చుక్క పెట్టి, ఆ తర్వాత దాని జోలికే పోలేదు. గీతను చూడటమే మానేసింది. కళ్ళన్నీ ఉంగరాల మీదే.

ఇప్పుడు గీతను వెతికింది. గీత కాదది, మసక మరక. పట్టీ మెల్లగా తిప్పింది. ఎర్రచుక్క పక్కకి జరిగి, అవతలివైపుకి పోయింది. మరక సన్నబడి, ఇంకా సన్నబడి నల్లటి గీతగా నిలబడింది. అప్పుడు గోళీని కొలిస్తే డబ్బా మీద రాసిన అంకే వచ్చింది.

యంత్రం బాగానే ఉంది. మారిపోయింది తన కన్ను.

ఎవరూ చూడలేదు. పట్టీ ఇలాగే ఉంచి, అత్తగారిని లోపలికి పిలిచి మళ్ళీ కొలిచి, ఇందాక సరిగా కుదరలేదండీ అంటే సరిపోతుంది. మూడు యంత్రాలూ ఒకటే చెబుతాయి, పరువు దక్కుతుంది. ఆమె నిజంగానే కుర్చీలోంచి లేచి తలుపు దాకా వెళ్ళింది. అక్కడ నిలబడితే ఆపరేషన్ అయ్యాక కూడా మసకగానే ఉందని తిరిగొచ్చినవాళ్ళు గుర్తొచ్చారు. ఈ ఏడాదిలోనే చాలామంది. వయసు కదా, అంతే ఉంటుంది అని కళ్ళద్దాలు రాసి పంపేశారు. వాళ్ళ లెన్సులన్నీ తన అంకెలతో పెట్టినవే. తలుపు తీసుకుని తిన్నగా డాక్టరమ్మ గదికి నడిచింది.

అంతా విన్నాక డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది.

"ఎప్పటి నుంచి అక్కా?"

"తెలీదండీ. అదే భయంగా ఉంది."

"లెన్సుల రిజిస్టర్ తీసుకురండి. ఒక్కొక్కరినీ పిలిచి మళ్ళీ చూద్దాం. వాళ్ళకి చెప్పేది మాత్రం మీరూ నేనూ కలిసి చెప్పాలి. ఇన్నేళ్ళు పక్కనే ఉండి నేనూ అడగలేదు." పెన్ను మూత తీసి, "అత్తగారికి ఏది రాయను?" అంది.

"నలభై మూడున్నర."

వరండాలో అత్తగారు అడుగుల చప్పుడు విని జరిగి చోటిచ్చింది.

"అత్తయ్యా, నా అంకె తప్పు. కొత్తవాటిదే రాయించాను."

"తప్పని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నేనే కనిపెట్టాను."

"అయితే ఇంకేం, నువ్వు చెప్పిందే వేస్తున్నారుగా" అంది అత్తగారు. ఉంగరాలక్కకి ఏడుపు తన్నుకొచ్చింది. ఆవిడకి కనబడదులే అని కళ్ళు తుడుచుకోకుండా అలాగే కూర్చుంది.

ఆపరేషన్ మర్నాడు కట్టు విప్పారు. డాక్టరమ్మ చిన్న అక్షరాల అట్ట ఇస్తే అత్తగారు చివరి వరస దాకా గడగడా చదివి, ఇంతకంటే చిన్నవి లేవా అని అడిగింది.

అత్తగారు అట్ట పక్కన పెట్టి కోడలి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. ముఖంలోకి చూసింది. నుదురు, పాపిట, కళ్ళ కింద చర్మం, అన్నీ తీరిగ్గా, కుట్టుకి ముందు గుడ్డను చూసినట్టు చూసింది. చూస్తున్నకొద్దీ ఆవిడ నవ్వు తగ్గుతూ వచ్చింది. చెవి పక్కన నెరిసిన వెంట్రుకలను బొటనవేలితో వెనక్కి తోసింది.

"నువ్వెప్పుడే ఇంత పెద్దదానివయ్యావు" అంది. "నాకెవరూ చెప్పనే లేదు."