పిండిన వాసన

బెంగళూరు కాడుగోడిలో రైలు పట్టాల అవతల, పిల్లప్ప కోళ్ల షెడ్డు వెనక వీధిలో బట్టలు రెండుసార్లు పిండాలి. మొదటిసారి నీళ్లు దిగుతాయి, రెండోసారి వాసన. అది పచ్చగా, గంజిలా చిక్కగా దిగుతుంది. ఆడవాళ్లు దాన్ని మోరీలో పారబోసి, బట్టలు తీగ మీద ఆరేసి, ఎవరి పనికి వాళ్లు పోతారు.

శశికళ కూడా అట్లాగే పారబోసేది, కూతురు ఛాయాదేవికి ఆయాసం మొదలయ్యేదాకా. రెండో తరగతి పిల్ల. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. డాక్టరమ్మ పీల్చే మందు రాసిచ్చి, షెడ్డు గాలి తగిలినంత కాలం ఇది పూర్తిగా తగ్గదని చెప్పింది. వేరే చోట బాడుగ ఇల్లు చూసుకుందామన్నాడు భర్త దేవరాజ్. మనం ఖాళీ చేస్తే ఈ ఇంట్లోకి ఇంకొకరి బిడ్డ వస్తుంది కదా అంది శశికళ.

పిల్లప్ప చెడ్డవాడేం కాదు. ఈ ఊరివాడే, ఆమెకు వరసకు మామ. వీధిలో పెళ్లయితే కోళ్లు ఊరికే పంపేవాడు. ఇప్పుడు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో కొడుకు దగ్గర ఉంటూ, పొద్దున వచ్చి షెడ్డు చూసుకుని పోతున్నాడు. వాసన సంగతి ఎత్తితే, చిన్నప్పటినుంచి కోళ్లలోనే ఉన్నా, నాకేమీ తెలియడం లేదే అనేవాడు. అది అబద్ధం కాదు.

ఒక ఆదివారం శశికళ పిండిన వాసనను బిందెలోకి పట్టి, మూతికి గుడ్డ కట్టి, బస్సెక్కింది. కండక్టరు బిందెకు లగేజీ టికెట్టు కొట్టి, కాళ్లకు తగలకుండా మూలకు పెట్టుకోమన్నాడు.

పిల్లప్ప ఇంటి హాల్లో బిందె దించి, "ఇది నీది మామా. మా బట్టల్లోకొచ్చింది, తిరిగి తెచ్చినా," అంది.

పిల్లప్ప నవ్వి, కాఫీ తాగి పొమ్మన్నాడు. ఆయన భార్య ఈరమ్మ మాత్రం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కిటికీలన్నీ తీసింది.

తర్వాతి ఆదివారాల్లో వీధిలోని ఆడవాళ్లు కూడా తమ ఇళ్ల వాసన తెచ్చి శశికళ బిందెలో కలిపారు. అపార్ట్‌మెంట్ వాళ్లు గొణిగారు. పిల్లప్ప కొడుకు ఆమెను గేటు దగ్గరే ఆపించాడు. ఆమె బిందె పక్కన పెట్టుకుని గేటు బయట కూర్చుంది. వాన పడితే కొంగు తలమీదికి లాక్కుంది గానీ లేవలేదు.

చివరికి పిల్లప్పే కిందికి దిగి వచ్చాడు. షెడ్డు తీసేస్తే కోళ్లను ఎక్కడికి తోలేది, పనివాళ్లకు కూడు ఎవరు పెట్టేదని కోపంగా అడిగాడు. మాట మాటకూ ఆగి, గేటు పట్టుకుని, మళ్లీ ఊపిరి తీసుకుంటున్నాడు. ఆ రొమ్ములో పలికే ఈల శశికళకు బాగా తెలిసిందే. ఇంట్లో రోజూ వింటున్నదే.

"మామా, భుజం మీది కండువా ఇట్లియ్యి."

ఇచ్చాడు. ఆమె పిండింది. బిందె నిండింది, పొర్లింది, ధార గేటు కింద నుంచి రోడ్డు మీదికి పారింది, అయినా ఇంకా దిగుతూనే ఉంది. ఎన్నో ఏళ్లుగా గొంతు దగ్గరే ఆగిపోతున్న పిల్లప్ప ఊపిరి కడుపుదాకా దిగింది. ఆ వెంటనే మొట్టమొదటిసారి ఆయనకు వాసన తెలిసింది. గేటు పక్కన తడిసిన అరుగు మీద కూలబడ్డాడు.

"ఇంతుండాదా?"

"ఇది నీ కండువాలోది. మా పాప రొమ్ములోది పిండేకి నాకు చేతకాదు మామా."

పిల్లప్ప, ఉన్న కోళ్లు అమ్ముడయ్యేదాకా గడువడిగాడు. కొత్త కోడిపిల్లల్ని షెడ్డులో దింపనన్నాడు. శశికళ సరేనంది. కానీ ఆఖరి లారీ వెళ్లేదాకా ప్రతి ఆదివారం బిందెతో వచ్చింది.

షెడ్డు రేకులు విప్పిన రోజు పిల్లప్ప కూడా వచ్చి కూలీలతో పాటు చెయ్యి వేశాడు. సాయంత్రం ఛాయాదేవి వీధి మలుపు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి తల్లి ముందు నిలబడి, బడిలో ఎవరు ఎవరిని కొట్టారో, టీచరు ఏమన్నదో, రేపు తనకేం కావాలో ఒక్క ఊపిరిన చెప్పసాగింది. పిల్లప్ప చేతిలో రేకు అట్లాగే పట్టుకుని, ఆ పిల్ల ఎక్కడ ఆగుతుందా అని చూశాడు. ఆ పిల్ల ఆగలేదు.