గొలుసు ప్రార్థనలో ఆఖరి వంతు

ఆడపిల్లల హాస్టలు గేటు బయట నిలబడి శోభనాద్రి మళ్లీ కేకేశాడు.

"జెనిఫరమ్మా! మీ వంతొచ్చిందమ్మా. లోపలున్నబ్బాయి లేచే వేళైంది."

పడవలోంచి పడవలోకి వేసే కేక అది. మామూలు గొంతుతో మనిషిని పిలవడం ఆయనకి చేతకాదు. మేడమీద కిటికీలు టపటపా తెరుచుకున్నాయి. "సెలవులిచ్చేశారుగా తాతయ్యా, ఇవాళైనా వదిలెయ్యి మమ్మల్ని" అని ఎవరో పిల్ల నవ్వింది. శోభనాద్రి నవ్వలేదు. జెనిఫర్ తడిజుట్టుకి క్లిప్పు పెట్టుకుంటూ మెట్లు దిగి ప్రార్థన గదివైపు నడిచేదాకా అక్కణ్ణించి కదల్లేదు.

ఆయన ఉద్యోగం అదే. బందరు నుంచి కృత్తివెన్ను వెళ్లే దారిలో, రొయ్యల చెరువుల మధ్య, క్రైస్తవులు కట్టిన ప్రైవేటు యూనివర్సిటీ అది. ఇప్పుడంటే ఇంజనీరింగు బ్లాకుకి నీలం అద్దాలొచ్చాయి గానీ, అన్నిటికంటే ముందు అక్కడున్నది ఆ పెంకుటి ప్రార్థన గదే. దివిసీమ ఉప్పెన వచ్చిన యేడు బాలస్వామి అయ్యగారని ఒక పెద్దాయన అక్కడ చిన్న బైబిలు బడి నడిపేవాడు. శవాల్ని మోసి మోసి వచ్చి, ఆ గదిలో కుర్చీ వేసుకుని మొదటిసారి ఆయనే కూర్చున్నాడు. "ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చోవాలి. ఈ గదిలో గొంతు ఆగకూడదు" అన్నాడు. దానికి గొలుసు ప్రార్థన అని పేరొచ్చింది. ఆయన పోయాడు. బడి కాలేజీ అయింది, కాలేజీ యూనివర్సిటీ అయింది. గొలుసు మాత్రం తెగలేదు. ఎవరి వంతు వస్తే వాళ్లని పిలుచుకొచ్చి కూర్చోబెట్టే పని శోభనాద్రిది.

తమాషా ఏమిటంటే శోభనాద్రి క్రైస్తవుడు కాడు. నాగాయలంక అవతల సముద్రం మీద వేటకెళ్లే ఇంట్లో పుట్టాడు. ఇప్పటికీ ఆషాఢంలో గంగమ్మకి కోడిని కొయ్యనిదే నిద్రపోడు. వచ్చిన ప్రతి పాస్టరూ బాప్తిస్మం మాట ఎత్తేవాడు. "అలాగేనండి" అనేవాడు ఈయన. ఆ పాస్టరు బదిలీ అయి వెళ్లేదాకా ఆ "అలాగేనండి" అలాగే ఉండేది.

చొక్కా విప్పితే రొమ్ము మీదా, చేతుల లోపలివైపూ నల్లగా, గరుగ్గా మచ్చలు. ఉప్పెనలో తాటిచెట్టుని వాటేసుకున్నప్పటివి. పక్కచెట్టుకి భార్య సౌభాగ్యమ్మని చీరతో కట్టాడు. చీకట్లో ఒకరికొకరు కనబడరు. "ఉన్నావా?" అని ఈయన అరిచేవాడు. "ఉన్నా" అని ఆవిడ పలికేది. అలా పలుకుతున్నంతసేపూ నీళ్లు గొంతు దాకా వచ్చి వెనక్కి తగ్గుతూనే ఉన్నాయి. ఎప్పుడో ఈయనకి ఒక్క కునుకు పట్టింది. ఉలిక్కిపడి లేచి అరిస్తే బదులు లేదు. ఆ చెట్టే లేదు. గొంతు ఆగితే సముద్రం వచ్చేస్తుందని ఆయనకి ఆనాటి నుంచీ గట్టి నమ్మకం.

అందుకే ఎవరైనా ఎగ్గొట్టిన పూట, ఎవరికీ చెప్పకుండా తానే లోపలికెళ్లి కూర్చునేవాడు. ప్రార్థనలు రావు. "ఉన్నా, ఇక్కడే ఉన్నా" అంటూ వంతు అయిపోయేదాకా కూర్చునేవాడు. సంగతి ఎవరికీ తెలియదనుకునేవాడు, పాపం. గది తుడిచే ఎస్తేరుకి తెలుసు. ఆవిడ ఎవరితోనూ అనలేదు.

ఆ రోజు ఎండ పొద్దుటే నిప్పులు చెరుగుతోంది. డేనియల్ అయ్యగారు మోటారు సైకిలు ఆపి వచ్చాడు. కుర్రవాడు, మంచివాడు, కొత్తగా వచ్చిన పాస్టరు. చేతిలో కొత్త తాళం.

"శోభనాద్రి గారూ, జెనిఫర్ లేచాక గది మూసేద్దామండి. ఈ యేడు సెలవుల్లో క్యాంపసంతా మూసెయ్యమని ఆర్డరు. మళ్లీ జూలైలో మొదలెడదాం."

శోభనాద్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దండి. మూస్తే ఎలాగండీ? గొలుసు తెగిపోదూ?"

"దేవుడు తాళం వేసిన గదిలోకి కూడా వస్తాడండి."

"దేవుడి సంగతి మీకు తెలుసండి. నేననేది దాని సంగతి" అని శోభనాద్రి తూర్పుకి చెయ్యి చూపించాడు. చెరువుల గట్ల మీదుగా ఉప్పుగాలి తప్ప అటువైపు ఏమీ లేదు.

డేనియల్‌కి నవ్వొచ్చింది, జాలీ వేసింది. "నేను బందరు వెళ్లి పిల్లల్ని రైలెక్కించి సాయంత్రం వస్తాను. అప్పుడే వేద్దాం లెండి తాళం. ఈలోపు ఎవరైనా కూర్చుంటానంటే కూర్చోబెట్టుకోండి" అన్నాడు.

శోభనాద్రి ఇక ఆగలేదు. ఒక్కరు దొరికితే చాలు, సాయంత్రానికి అయ్యగారి మనసు మారుతుందేమోనని ఆశ. నెత్తిన గుడ్డయినా వేసుకోకుండా క్యాంపసంతా తిరిగాడు. మెస్సులో వంటవాళ్లు గిన్నెలు బోర్లించి వెళ్లిపోతున్నారు. "మొక్కుబడి మీది, కూర్చోవడం మాదా?" అన్నారు. లైబ్రరీలో గుమాస్తా దణ్ణం పెట్టి తప్పుకున్నాడు. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి, "నాకు బైబిలు రాదు బాబాయ్" అన్నాడు. "నాకు మాత్రం వచ్చిందేంట్రా, కూర్చుంటే చాలు" అని బతిమాలాడు శోభనాద్రి. వాడు వినలేదు. నాలుక పిడచకట్టుకుపోయి, కళ్ల ముందు పసుప్పచ్చ చుక్కలు తిరుగుతుంటే గోడలు పట్టుకుని వెనక్కొచ్చాడు.

పిల్లల్ని స్టేషనుకి తీసుకెళ్లే బస్సు హారను కొడుతూనే ఉంది. జెనిఫర్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఎవరూ దొరకలేదా తాతయ్యా? పోనీ నేనుండిపోనా?"

"మీ అమ్మ ఎదురుచూస్తది. నేనున్నాగా, ఎళ్లు తల్లీ."

ఆ పిల్ల ఆయన మొహం చూసి భయపడింది. ఎర్రగా కందిపోయింది మొహం, చెమటన్నదే లేదు. ఏదో అనబోయింది. బస్సు మళ్లీ అరిచింది. శోభనాద్రి లోపలికెళ్లి తలుపు వేసుకున్నాడు.

మధ్యాహ్నం ఎస్తేరు మజ్జిగ తెచ్చింది. తలుపవతల "ఉన్నా, ఉన్నా" అని వినబడుతోంది. లోపల మనిషి కూర్చున్నప్పుడు తలుపు తియ్యకూడదని కట్టడి. గ్లాసు గడపలో పెట్టి వెళ్లింది. ఎండ వాలాక వస్తే మజ్జిగ మీద తొరక కట్టి ఉంది. గొంతు మాత్రం వినబడుతోంది, ఇందాకటికంటే గట్టిగా.

సందె వేళకి డేనియల్ తాళంతో వచ్చాడు. ఆ మొండి గొంతు విని కాసేపు గౌరవంగా వరండాలో నిలబడ్డాడు. గొంతు ఎక్కడా ఊపిరికి కూడా ఆగడం లేదు. "శోభనాద్రి గారూ" అని పిలిచాడు, తట్టాడు, ఆఖరికి తలుపు తోశాడు.

తలుపు తెరుచుకోగానే గొంతు ఆగిపోయింది.

శోభనాద్రి కుర్చీలో ముందుకి ఒరిగి ఉన్నాడు. చేతులు రెండూ ఎదురుగా ఉన్న స్తంభాన్ని వాటేసుకుని బిగుసుకుపోయాయి. విడదీయడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. యూనివర్సిటీ డాక్టరు చూసి, "వడదెబ్బ. పోయి చాలాసేపైంది. మిట్టమధ్యాహ్నమే పోయుంటాడు" అన్నాడు.

"నేనిప్పుడే విన్నానండీ ఆయన గొంతు" అన్నాడు డేనియల్.

"నేనూ విన్నానండి" అంది ఎస్తేరు, ఏడుస్తూ.

డాక్టరు ఇద్దరి మొహాలూ చూసి, పెట్టె సర్దుకున్నాడు.

శవాన్ని తీసుకెళ్లాక గదిలో ఎవరూ మిగల్లేదు. డేనియల్ తలుపు దగ్గరకి లాగి గొళ్లెం పెట్టబోయాడు. ఇన్నేళ్లలో ఆ గది నిశ్శబ్దంగా ఉండటం అదే మొదలు. ఆ నిశ్శబ్దంలో, చెరువుల అవతల, మైళ్ల దూరాన ఉండాల్సిన సముద్రం దగ్గరగా వినబడింది. గాలి పడిపోయింది. కీచురాళ్లు అరవడం మానేశాయి. హోరు గోడ దాకా వచ్చినట్టే ఉంది.

డేనియల్ బాగా భయపడ్డాడు. తాళం జేబులో వేసుకుని, గబగబా లోపలికెళ్లి కుర్చీలో కూర్చుని, గొంతెత్తి ప్రార్థన మొదలుపెట్టాడు. హోరు మెల్లగా వెనక్కి తగ్గింది. ఇంకొకరు వచ్చేదాకా ఆయన లేవలేదు.

కుర్చీ సీటు మీద శోభనాద్రి పరుచుకున్న తుండుగుడ్డ ఉంది. పరాయి మతంవాడు కూర్చుంటే కుర్చీకి మైల అంటుతుందనుకున్నాడేమో, పిచ్చి మనిషి. డేనియల్ కూర్చోబోతూ దాన్ని తీసి గుమ్మం బయటున్న ఎస్తేరుకి ఇస్తే, ఆవిడ తడిసి ముద్దయిన ఆ గుడ్డని గట్టిగా పిండి, వరండా ముందు తీగ మీద ఆరేసింది. మర్నాడు మధ్యాహ్నం, రోహిణీకార్తె ఎండలో, దాని కొసనుంచి నీళ్లు ఇంకా కారుతూనే ఉన్నాయి, కింద నేలంతా తెల్లగా ఉప్పు పేరుకుంటోంది.