భూలోకరావు ఇంటి దిష్టిబొమ్మ

నేను ఒక నూనెడబ్బా రేకును. బతుకు మొదలయ్యేనాటికి నా దగ్గరున్న సరుకు ఇంతే: వేరుశెనగ నూనె వాసన, ఒక మూల సొట్ట, ఎండ పడితే మెరిసే గుణం. మొహం లేదు. అది సన్యాసమ్మ ఇచ్చింది.

మన్యం నుంచి లారీలు దిగే దారి పక్కన ఆమె పాక. కొత్తగా కట్టే ఇళ్లకు దిష్టిబొమ్మలు వేసి అమ్ముతుంది. ఆ లారీల్లో పనసకాయల కింద గంజాయి దిగుతుందని ఊరందరికీ తెలుసు. దింపించేది భూలోకరావనీ తెలుసు. పైకి ఎవరూ అనరు. సన్యాసమ్మ తమ్ముడు గవరయ్య ఒకసారి మూట మోయనన్నందుకు మోచెయ్యి విరగ్గొట్టారు. ఎముక అతుక్కుంది గాని, అతను మళ్లీ పాక గుమ్మం దాటలేదు.

ఆమె మాటల మనిషి కాదు. నన్ను ఒళ్లో పెట్టుకుని గుడ్లు, కోరలు, వేలాడే నాలుక వేసింది. తర్వాత భూలోకరావు ముక్కు పక్కనుండే పులిపిరి, మెడలో పులిగోరు వేసింది. రంగు ఆరుతుంటే నాకు నిద్రలాంటిదేదో పట్టింది. లేచేసరికి నేనొక మనిషిని.

"ఒలప్పా, ఇది ఆడే! ఎవులైనా సూస్తేనో?" అన్నాడు గవరయ్య.

"సూడాలనే ఏసేన్రా."

కొనడానికి భూలోకరావే వచ్చాడు. నాలుగంతస్తుల ఇల్లు లేపుతున్నాడు. బొమ్మలన్నీ తిరగేసి నన్నే పట్టుకున్నాడు. "ఇదీ బొమ్మంటే! సూస్తేనే ఒణుకొస్తంది." మనుషులు అద్దంలో తమకు నచ్చినంతే చూసుకుంటారు.

రెండో అంతస్తు కర్రకు కట్టారు. గాలికి మెల్లగా తిరుగుతూ ఊరిని కలలో చూసినట్టు చూశాను: మంచులో తేలే కొండలు, నీడల్లా జారే లారీలు, తలెత్తి ఆగిపోయే జనం. మొదట ఒకరు నవ్వారు. వారం తిరిగేసరికి టీకొట్టంతా నవ్వింది.

ఎందుకు నవ్వుతున్నారని భూలోకరావు విసుక్కుంటే, తల్లి చెప్పింది. "అది నువ్వేరా. నాను మొదటి రోజే పోల్చీసినాను."

మనుషుల్ని వెంటేసుకుని పాక మీదికెళ్లాడు; అక్కడి మాటలు టీకొట్టు కబుర్లలో నాకు చేరాయి. "దింపుతావా, పాక తగలెట్టీమంటావా?"

సన్యాసమ్మ కుంచె కడుగుతూ, "నాకేటి బావూ, దింపీగల్ను. గృహప్రేశం అవకండా దింపితే ఇంటాయనకి ఏటవుద్దో మీయమ్మనడుగు" అంది.

వెనకాలే వచ్చిన తల్లి కొడుకు చెయ్యి పట్టుకుంది. "ఇల్లు పూర్తయిందాకా దాన్నీ ముట్టొద్దు, గీసిన సేతినీ ముట్టొద్దు!"

ఊరిని భయపెట్టి బతికినవాడు రేకుముక్కకు భయపడి వెనక్కి తిరిగాడు. వెంట వచ్చినవాళ్లు రుమాళ్లు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఇప్పుడు నా ఒక చెవి తుప్పు పట్టింది. గృహప్రవేశం నాడు నన్ను పాత ఇనుములో వేస్తారు. అబద్ధం చెప్పను, లారీలు ఆగలేదు. పోయినవన్నీ తీసేస్తే నాకు మిగిలింది ఒకటే: నిన్న సాయంత్రం గవరయ్య ఒంటరిగా సైకిలు మీద భూలోకరావు ఇంటి ముందుకొచ్చి, తలెత్తి నన్ను తీరిగ్గా చూసి, రెండుసార్లు బెల్లు కొట్టి వెళ్లాడు.