ఎడమ అన్న పక్షి

పొద్దున్నే మగ్గం ముందు కూర్చుని, పడుగును ఎత్తిదించే తాళ్ళను కాలివేళ్ళ సందున ఇరికించుకోవడం బోన్విరే అనే నేతగాళ్ళ ఊళ్ళో బెడియాకోకు ముప్పై ఏళ్ళ అలవాటు. పైన గిలక మీద చెక్కపక్షి ఉంటుంది. కాలు తప్పితే అది "ఎడమ" అనో "కుడి" అనో అంటుంది. నేత సరిగ్గా సాగితే నోరు మెదపదు. దాన్ని చెక్కింది బెడియాకో తాతా, తాత మేనమామా అన్న విషయంలో రెండు వాదాలున్నాయి. రెండింటికీ ఆధారాలు లేవు.

ఆ వర్షాకాలం పక్షి నాలుగు రోజులుగా "ఎడమ" అంటూనే ఉంది. వంగి చూసుకుంటే కాళ్ళు రెండూ సరిగ్గానే ఉన్నాయి. నడుము చుట్టూ పట్టీ బిగించినట్టుంది, అరికాళ్ళు మొద్దుబారుతున్నాయి. మగ్గం తిమ్మిరి అనుకున్నాడు. నేతగాళ్ళందరూ అలాగే అనుకుంటారు. అతన్ని బాధించింది వేరే సంగతి. కొత్త ఎర్రదారం ఇటుకపొడిలా వెలిసిపోయి ఉంది.

ఆ ఉండను దారాల కొట్టు ఆచియా ముందు పడేశాడు.

"ఇరవై ఏళ్ళ బేరం అక్కా. నాకే నాసిరకం అంటగడతావా?"

"ఇంతకంటే ఎర్రనిది కోడిపుంజు తురాయే తమ్ముడూ. పోయి దాన్ని నెయ్యి. ఇంతకీ నీ పక్షేమంటోంది?"

"ఎడమంటోంది. కాళ్ళు బానే ఉన్నాయి. దానికి చాదస్తం పట్టింది."

ఆచియా నవ్వలేదు. "ఎడమంటే కాలొక్కటేనా? ఒక్కో కన్ను మూసి చూడు."

ఎడమకన్ను మూశాడు. దారం నెత్తురులా మెరిసింది. కుడికన్ను మూశాడు. ఇటుకపొడి.

ఆమె కొట్టుకు తాళం వేసి, అతన్ని కుమాసి పట్నం ఆసుపత్రికని వ్యానెక్కించింది. దిగేటప్పటికి అతని కాళ్ళు నిలవలేదు.

"ఒంటికి కాపలా కాయాల్సిన బలగమే మీ నరాల పైపొరను కొరికేస్తోంది," అంది డాక్టరమ్మ. "కంటినరం, వెన్నుపాము రెండూ వాచాయి. ఇంట్లోనే ఉండిపోయుంటే ఊపిరికే ఎసరు పెట్టేది."

ఐదు రోజులు సెలైన్లో మందు ఎక్కించారు. అది చాలక రెండు వారాలు నెత్తురు శుద్ధి చేశారు. చూపు చాలావరకు తిరిగొచ్చింది, కాళ్ళు కదిలాయి. మందు మాత్రం జీవితాంతం వాడాలి. ఎడమ పాదానికి తాడు తగిలిన సంగతి ఇక తెలియదు.

మూడు నెలలకు మళ్ళీ మగ్గం ముందు కూర్చున్నాడు. తాడు జారినప్పుడల్లా పక్షి "ఎడమ" అంటుంది. ఒకప్పుడు ఆ మాటకు విసుక్కునేవాడు. ఇప్పుడు "సరే పెద్దాయనా," అని తాడు సర్దుకుంటాడు.

మొదట నేసిన గుడ్డపట్టీ అంతా ఎరుపే. ఆచియాను పిలిచి మెడలో వేశాడు.

ఆమె ఒక కన్ను మూసి చూసింది. "ఇది నా దారమేనా, కోడిపుంజుదా?"

"నీ నాసిరకమే అక్కా."

పైన పక్షి నోరు మెదపలేదు.