అచ్చిరాని ఉంగరం

నేను ఒక వజ్రపుటుంగరాన్ని. కొత్తదాన్ని కాను, ఆ మాట ముందే చెబుతున్నాను. ఇద్దరి వేళ్ళు మారి, ఇద్దరిచేతా తిట్లు తిని, గుంటూరు పట్నంబజారులో ఓ పాత నగల కొట్టు బీరువాలో ఏళ్ళ తరబడి పడి ఉన్నదాన్ని. నా మీద ఒక నింద ఉంది. అచ్చిరాని ఉంగరమట. ఆ నింద ఎవరు మోపారో, ఎందుకు మోపారో నేనే చెబుతాను. మనుషులను చెప్పనిస్తే వాళ్ళ తప్పులన్నీ తెచ్చి నా నెత్తినే రుద్దుతారు.

నాలోని రాయి భూమి అడుగున ఎప్పుడు పుట్టిందో నాకే తెలియదు. ఉంగరంగా పుట్టింది మాత్రం తెనాలిలో. అక్కడి కంసాలి రాయి వెనక తళతళలాడే రేకు పరిచి, దానిమీద బంగారంతో మూత వేసి నన్ను కట్టాడు. నాది కాస్త పసుపు ఛాయ. రేకు మెరుపులో తెల్లగా కనిపిస్తానని ఆయన ఎత్తు. నన్నడిగితే వద్దనేదాన్ని. నా ఛాయకు నేనెప్పుడూ సిగ్గుపడలేదు.

మొదట నన్ను పెట్టుకున్నవాడు రైసుమిల్లు యజమాని వీరరాఘవయ్య. కరెంటు తీగలు ఎలుకలు కొరికేశాయి, మార్పించండి బాబూ అని మిల్లు మేస్త్రీ నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. వచ్చే పంటకు చూద్దాంలే అన్నాడీయన. మిల్లు తగలబడింది. ఊరంతా చేరి తేల్చిందేమిటయ్యా అంటే, తప్పు ఉంగరానిది. నన్ను ఊడబెరికి అమ్మేశారు. రెండోవాడు కౌన్సిలరుగా నిలబడ్డ ప్లీడరు. ఓట్లప్పుడు తప్ప వీధి మొహం చూడనివాడికి డిపాజిట్టు పోక ఏమవుతుంది? అదీ నా ఖాతాలోనే వేశారు. మనమేం చేశామని ఒక్కడైనా ఆలోచించిన పాపాన పోలేదు. ఒళ్ళు మండిపోయేది నాకు.

అలా పాండురంగయ్య శెట్టి కొట్టుకు చేరాను. శెట్టి మంచివాడే గాని, కొనవచ్చినవాళ్ళకు ఏదీ దాచడు. "ఇది కాస్త చెడ్డపేరు పడ్డ రాయండీ" అనేవాడు. అంతే, చెయ్యి కాలినట్టు నన్ను వదిలేసేవాళ్ళు. వజ్రం కొనేముందు ఇంటికి తీసుకువెళ్ళి మూడు రాత్రులు నిద్ర చేయించడం, ఆ మూడు రోజుల్లో ఇంట్లో మంచి జరుగుతుందో చెడు జరుగుతుందో చూసుకుని కొనడం మా వైపు పాత ఆచారం. ఆ పరీక్షకైనా నన్ను పట్టుకెళ్ళినవాడు లేడు.

అప్పుడు వచ్చింది హైమవతి. బ్రాడీపేటలో కర్రీ పాయింటు నడుపుతుంది. భర్త పోయి చాలా కాలమైంది. కొడుకు వంశీకి పెళ్ళి కుదిరింది. నిశ్చితార్థంనాడు కాబోయే కోడలు తులసి వేలికి తన చేత్తో వజ్రపుటుంగరం తొడగాలని ఆవిడ కోరిక. చీటీ పాడిన డబ్బు తప్ప పైసా ఎక్కువ లేదు. పెద్ద షోరూములో ఆ డబ్బుకు ఆవగింజంత రాయి చూపించారట. అందుకని పాతవి చూద్దామని వచ్చింది. వెంట ఆడపడుచు రాజ్యలక్ష్మి.

శెట్టి అలవాటు చొప్పున నా చరిత్ర చెప్పాడు. రాజ్యలక్ష్మి వెళదామని లేచి నిలబడింది. హైమవతి కదల్లేదు.

"మీ లైట్ల కింద గులకరాయి కూడా మెరుస్తది శెట్టిగారూ" అంటూ నన్ను వీధి గుమ్మంలోకి, ఎండలోకి తీసుకుపోయింది. నోటి ఆవిరి ఊదింది. నా మీద నిలవలేదు, అసలు వజ్రం మీద ఆవిరి నిలవదు. రాయి కదులుతోందేమోనని గోటితో నొక్కి చూసింది. భూతద్దం అడిగి తీసుకుని, ఓ మూల ఉన్న నల్లచుక్క పట్టేసింది. అది పగులా, మచ్చా అని అడిగింది. పుట్టుమచ్చే, పగులు కాదన్నాడు శెట్టి.

"సరే, వెనక మూత ఇప్పించండి."

శెట్టి గతుక్కుమన్నాడు. "ఇప్పితే మెరుపు తగ్గుద్దమ్మా. ఎవరూ అట్టా అడగరు."

"వంకాయైనా ముచ్చిక కింద చూడందే కొనను నేను. ఇప్పించండి."

కొట్టులోని కంసాలి విప్పాడు. రేకు ఊడింది. ఎన్నేళ్ళకో నా వీపుకు గాలి తగిలింది. నా పసుపు ఛాయ ఉన్నదున్నట్టు బయటపడింది.

"పచ్చగా ఉందే" అని మూతి తిప్పింది రాజ్యలక్ష్మి.

"ఉండనీ వదినా. ఇప్పుడు దాని రంగు దానికుంది" అంది హైమవతి. రాయిని వేరుగా, బంగారాన్ని వేరుగా తూయించింది. మళ్ళీ కట్టేటప్పుడు వెనక మూయొద్దని చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఈవిడ కొంటే బాగుండునని మొట్టమొదటిసారి కోరుకున్నాను.

కాని ధర ఆవిడ దగ్గరున్న దానికి కాస్త పైనే ఉంది. పైగా రాజ్యలక్ష్మి పట్టుబట్టింది, నిద్ర చేయించందే కొనడానికి వీల్లేదని. నన్ను చిన్న డబ్బాలో పెట్టి ఇంటికి తీసుకుపోయారు.

రెండోరోజు పొద్దున సాంబారు గిన్నె దించుతుంటే చెవి ఊడిపోయింది. గిన్నెడు సాంబారూ నేలపాలు. ఆ పూట బేరం పోయింది.

"చూశావా హైమా" అంది రాజ్యలక్ష్మి. "రాయి పడలా. ఇచ్చేసిరా."

"గిన్నె చెవి ఊడింది వదినా. నెల నుంచి ఊగతానే ఉంది, అతుకు ఏయించకుండా నేనే అశ్రద్ధ చేశా. ఉంగరమేం చేసింది?"

ఉంగరమేం చేసింది! ఈ ఒక్క మాట కోసం ఎన్నేళ్ళు కాచుకున్నానో నాకే తెలుసు. డబ్బాలో ఉన్నదాన్ని గనక సరిపోయింది గాని, చేతులుంటే ఆవిడకు దణ్ణం పెట్టేదాన్ని.

రాజ్యలక్ష్మి ఊరుకోలేదు. "నువ్వు మా గడప తొక్కిన ఏడే మా నాన్న లారీలు పొయ్యినయ్. తర్వాత మా తమ్ముడు పొయ్యాడు. ఇట్టాంటి రాయి కూడా నీ చేతికే రావాలా?"

అప్పుడర్థమైంది నాకు, ఈ నింద మోస్తున్నది నేనొక్కదాన్నే కాదని. హైమవతి ఏడవలేదు. నేల తుడుస్తూనే మాట్లాడింది.

"మీ నాన్న లారీలకు ఇన్సూరెన్సు కట్టలా. మీ తమ్ముడు గుండెనొప్పిని గ్యాసనుకుని సోడా తాగి పడుకున్నాడు. ఆస్పత్రికి పోదామని కాళ్ళు పట్టుకున్నా, ఇన్లా. ఇన్నాళ్ళూ మీరంతా అంటుంటే పడ్డా వదినా. ఇంక పడను."

గడువు కాగానే కొట్టుకు తీసుకెళ్ళింది. ఇంట్లో ఏమన్నా జరిగిందా అని అడిగాడు శెట్టి.

"సాంబారు పొయ్యింది."

శెట్టి నిట్టూర్చాడు. "అయితే ఇక్కడ పెట్టెయ్యమ్మా. ఇంకోటి చూపిస్తా."

"నాకిదే కావాల. దోషముందని మీరే అంటన్నారుగా. ఆ దోషానికెంత తగ్గిస్తారో చెప్పండి."

శెట్టి నోరు తెరిచాడు. దోషం లేదందామంటే తన నోటితోనే ఊరంతా చెప్పాడాయె. ఉందంటే తగ్గించాలి. చివరకు నవ్వేసి, ఆవిడ తెచ్చిన డబ్బుకే ఇచ్చేశాడు. నా అపకీర్తికి వెల కట్టినందుకు కోపగించుకోవాలో నవ్వాలో తెలియలేదు గాని, నవ్వే వచ్చింది.

నిశ్చితార్థంనాడు తాంబూలాలు మార్చుకున్నాక, పిల్లకు ఉంగరం తొడగడానికి ముత్తైదువ ఎవరైనా రండమ్మా అన్నాడు పురోహితుడు. రాజ్యలక్ష్మి చెయ్యి చాచింది. హైమవతి డబ్బా వదల్లేదు.

"నేను కూడబెట్టా, నేను చూసి తెచ్చా. నేనే తొడుగుతా."

రాజ్యలక్ష్మి దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "ఉంగరం అట్టాంటిది, చెయ్యి అట్టాంటిది. నీ పట్టుదల సరే, ఆ పిల్ల బతుకేంగాను?"

హైమవతి పిల్ల వైపు చూసింది. ఆ పిల్లమీద ఉన్న ప్రేమే ఆవిడను వెనక్కి లాగింది. డబ్బా మీద ఆ వేళ్ళ పట్టు సడలడం నాకు తెలిసింది. అరిచే నోరుంటే అరిచేదాన్ని. మిల్లు తగలబడినప్పుడు కూడా నాకంత కడుపుమండలేదు.

పీటల మీది తులసి లేచి వచ్చింది. మాటలన్నీ విన్నట్టుంది. వచ్చి, హైమవతి ముందు చెయ్యి చాపింది.

"మీరే పెట్టండి అత్తయ్యా. ఇంకెవరు పెట్టినా నేను పెట్టుకోను."

"తులసీ" అని వాళ్ళమ్మ గదిమింది. చాచిన చెయ్యి చాచినట్టే ఉంది. హైమవతి నన్ను తీసింది. వేలి కణుపు దగ్గర ఆగాను. మెల్లగా, కాని గట్టిగా, లోపలికి తోసింది.

ఆ తర్వాత ఏమైందని అడుగుతారు మీరు. పిల్లకు మంచి జరిగిందా, చెడు జరిగిందా అని. చెప్పను. మంచి జరిగిందంటే అచ్చొచ్చానని కళ్ళకద్దుకుంటారు, ఆ మర్యాదా నాకక్కర్లేదు. వాళ్ళ మంచీ వాళ్ళదే, వాళ్ళ చెడూ వాళ్ళదే. ఆ రోజు హైమవతి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ రెండు చేతుల మధ్యా నేనున్నాను. అంతవరకే నేను సాక్ష్యం.