లక్క ఆరకముందు

ఎడమ కన్ను మూసి, కుడి కన్ను ఇత్తడి మైక్రోస్కోపు గొట్టానికి ఆనించి, మేస్త్రీ ఖాళీ చేత్తో టీ గ్లాసు కోసం తడుముకుంటున్నాడు. అతని భార్య గ్లాసును అందకుండా కాస్త పక్కకు జరిపింది.

"టీ ఏదోయ్?"

"ఆవిడనే పెట్టమనండి."

"ఏ ఆవిడ?"

"ఆ ఇత్తడావిడ. నా సవతి."

అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే మనిషి. ఎప్పుడూ ఒక కన్ను మూసే చూస్తాడని వీధిలో అందరికీ ఒంటికన్ను మేస్త్రీ. తల నెరిసి, అతని పెళ్ళి ఊసే జనం మరిచిపోయాక, కళ్ళజోడు కాడ విరిగిందని వచ్చిన ఈవిడను చేసుకున్నాడు. ఇప్పటికీ ఒకరినొకరు చూస్తే చాలు, ఇద్దరికీ నవ్వాగదు. ఒక్క షరతు మాత్రం పెట్టాడు: అల్మారాలోని పాత మైక్రోస్కోపుల్ని ముట్టుకోకూడదు. ఆవిడ సరేనంది గానీ, ఇల్లంతా తనదై ఆ ఒక్క అల్మారా పరాయిదిగా ఉండడం చెప్పులో ఇసుక రేణువులా గుచ్చుతూనే ఉంది.

ఆ రోజు దుకాణానికి సెలవు. పాత సామాన్ల అంగట్లో దొరికిన మైక్రోస్కోపు గొట్టానికి మూత లేదు. దుకాణంలో లేతు మిషను మీద ఇత్తడితో కొత్తది చేసుకొచ్చాడు. ఇక ఇత్తడి నల్లబడకుండా పైన లక్క పూయడమే మిగిలింది.

"ఈ మైక్రోస్కోపు చేసిందెవరండీ?"

"గొట్టం మీదున్నది అమ్మినవాడి పేరు. చేసినవాళ్ళ పేర్లు ఎవడు చెక్కాడు? ఒకడు పోత పోసుంటాడు, ఒకడు మరలు కోసుంటాడు. లక్క పూసింది మాత్రం ఎవరో ఆడమనిషే అనుకుంటా. ఇలా రా."

అల్మారా దగ్గరికి పిలవడం అదే మొదలు. ఆ పాత మైక్రోస్కోపు ఇత్తడి పలక ఒకటి ఊడదీసి, ఇంకోదాని కింద పెట్టాడు. ఆవిడ కన్ను ఆనించింది. తేనెరంగు లోతుల్లో, గాలి ఇసుక మీద గీసినట్టు సన్నటి వంపులు. ఒక బొటనవేలి ముద్ర!

"ఆరకముందే ముట్టుకుంది. ఆ పూట చివాట్లు తినే ఉంటుంది పాపం."

"ఎంత చిన్న వేలండీ! ఎవరితోనో కబుర్లాడుతూ మరిచిపోయుంటుంది." ఆవిడ తలెత్తింది. "మూతకి నేను పూస్తా."

అతను మూత వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. చివరికి కుంచె ఆవిడ చేతిలో పెట్టాడు.

దీపం మీద మూతను గోరువెచ్చగా కాచారు. "ఒక్క ఊపులో పూయాలి. వెనక్కి రాకు. ఊపిరి తీయకు." కుంచె సాగింది. ఇత్తడి మీద సాయంకాలం పరుచుకున్నట్టు పూత నిలిచింది. ఆవిడ సంబరం పట్టలేకపోయింది. "ఆరిందా?" అంటూ వేలు పెట్టేసింది.

"అయ్యో! నాశనం చేశాను. అందుకే ముట్టుకోవద్దన్నారు మీరు."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పూత కడిగేయడానికి మేస్త్రీ స్పిరిట్ సీసా అందుకున్నాడు. కాసేపు అలాగే పట్టుకుని, తిరిగి కింద పెట్టాడు. ఆవిడ ముద్ర పక్కనే తన బొటనవేలు నొక్కాడు.

"ఇప్పుడు తిట్టు చూద్దాం, ఎవరిని తిడతావో."

సాయంత్రం మూతను కిటికీ గట్టు మీద ఆరబెట్టి, దానికి కాపలా అన్నట్టు కుర్చీ వేసుకు కూర్చున్నాడు. ఆవిడ టీ తెచ్చేసరికి రెండు కళ్ళూ మూసుకుని ఉన్నాడు. కుర్చీలో అతన్ని ఆవిడెప్పుడూ అలా చూడలేదు. గ్లాసును చేతికి అందేలా పెట్టింది. చెయ్యి తడుముకోలేదు. టీ మీద మీగడ కట్టింది.

అతను లేని ఇంట్లో నెలలు గడిచాక ఆవిడే కాలేజీ మ్యూజియానికి కబురు పంపింది. వచ్చినాయన ఇత్తడి సవతులందరినీ పాత గుడ్డల్లో చుట్టి పెట్టెల్లో పడుకోబెట్టాడు. చివరికి మూత చేతిలోకి తీసుకున్నాడు.

"పూత చెడిందమ్మా. కడిగి కొత్తగా పూయిస్తాం."

"చెడలేదు బాబూ. దాన్ని ఉన్నచోటే పెట్టేయండి."

ఖాళీ అల్మారాకు ఎదురుగా, కిటికీ గట్టు మీది ఎండలో మూత మెరుస్తోంది. తేనెరంగు పూతలో చిన్న వేలు, దాన్ని ఆనుకుని పెద్ద వేలు.