ఉల్లంకి పిట్టలు దిగేదాకా

మా నోట్లో మేమే మన్ను కొట్టుకున్నాం. ఆ మాట ముందే ఒప్పేసుకుంటున్నాను.

చలికాలంలో మా ఊరి బురద పర్ర మీద, సముద్రం పోటుకు మునిగి తేలే నేల మీద, ఉల్లంకి పిట్టలు దిగుతాయి. ఎక్కడెక్కడి చలిదేశాల నుంచో వస్తాయి. అవి ముక్కు పొడిచే చోటే పీతలుంటాయని మా ఆడవాళ్లం అక్కడే బుట్టలు దించుతాం. ఈ ఏడు రొయ్యల చెరువుల కాంట్రాక్టరు, డబ్బాలు కొట్టి పిట్టల్ని తోలితే రోజు కూలి ఇస్తానన్నాడు. నెల రోజులు వాయించాం. పర్ర ఖాళీ అయ్యాక అసలు సంగతి బయటపడింది. పిట్టలు లేకపోతే అది బంజరట, చెరువులకు ఇచ్చేయొచ్చట. పిట్టలున్నాయో లేదో చూసి రాసుకోడానికి మర్నాడే సర్కారు ఆఫీసరు వస్తున్నాడు.

వలలు ఆరేసే చోట దానమ్మ పిన్ని అందర్నీ కూర్చోబెట్టింది.

"రేపు ఎవురూ డబ్బా ముట్టుకోమాకండి. నోరు మూసుకుని బురదలో కూకుందాం. అలికిడి లేకపోతే అయ్యే దిగుతాయి."

"కేసులు పెడితే?" అన్నాడు గణేష్. వాడు పోలీసు ఉద్యోగానికి పరీక్ష రాసి ఉన్నాడు. "నా బతుకేం గాను పిన్నీ?"

"నాకు మాత్రం భయం లేదంట్రా? పర్ర పోతే ఏం తింటాం?"

 

తెల్లారేసరికి ఊరంతా బురదలో ఉంది. నినాదం లేదు, దగ్గు కూడా మింగాం. గట్టు మీద ఆఫీసరు, కాంట్రాక్టరు మేనేజరు లక్ష్మీకాంత్, పోలీసు వ్యాను. పోటు తగ్గి నీళ్లు తీయగానే పిట్టలు గుంపులుగా దిగసాగాయి. లక్ష్మీకాంత్ మొహం మాడింది. టపాసుల సరం అంటించి విసిరాడు. ఒక్క పిట్ట మిగల్లేదు.

"ఏం లేవు గదండీ. రాసేసుకోండి సార్, వెళ్దాం."

దానమ్మ పిన్ని గట్టెక్కి, ఆఫీసరు ఎక్కిన జీపు ముందు కూలబడింది. "మీరు కళ్లారా చూశారు గదయ్యా. ఇంకో గంట ఉండండి, మళ్లీ దిగుతాయి."

పోలీసులు ఆమె రెక్క పట్టి ఈడ్చారు. మాకు గొంతుదాకా అరుపొచ్చింది. అరిస్తే పర్ర పోతుంది, అరవకపోతే పిన్ని పోతుంది.  గణేష్ తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. వ్యాను ఎక్కుతూ పిన్ని, కూర్చోండని చేత్తో సైగ చేసింది.

కూర్చున్నాం. ఆఫీసరు కూడా జీపు దిగి, ఇక టపాసులు వద్దని లక్ష్మీకాంత్‌కి చెప్పి, గట్టు మీద కూర్చున్నాడు. గంట దాటాక పిట్టలు మా మోకాళ్ల పక్కనే దిగాయి. ఆయన లెక్క రాసి సంతకం పెట్టాడు.

అప్పుడు లేచాం. నెల రోజుల సిగ్గూ, పొద్దుటి భయమూ కలిసి ఒక్కసారే కేకై బయటికొచ్చాయి. మూడు మైళ్లు అరుస్తూనే నడిచాం.

స్టేషను మెట్ల దగ్గర అందరికంటే ముందు గణేష్ నిలబడ్డాడు. 

"పిన్నితోపాటు నేనూ ఉన్నానండీ. నా పేరు రాసుకోండి."

వాడి వెనకాలే ఊరంతా వరస కట్టింది.